నాగశ్రీ వేలికట్టు

నూకాలు హార్బరులో చేపలమ్ముకుని ఇంటికి వచ్చేసరికి, ఆరేళ్ల కూతురు నాగశ్రీ, తన తోడికోడలు సాయిదుర్గ ఒళ్లో ఉంది. ఇనపగేటు సందులో నలిగి పాప చూపుడువేలి గోరు సగానికి లేచిపోయింది. దుర్గ అప్పటికే కుళాయి కింద వేలు కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించి తెచ్చింది. ఎముక విరగలేదట.

నూకాలు చేతులు చాచింది. పాప రాలేదు.

"నీ సేతులు సేపల కంపు. పిన్ని కాడే ఉంటాను" అంది.

ఆ మాట నూకాలుకు గుచ్చుకుంది. తెల్లారకుండా లేచి వెళ్లేది ఈ పిల్ల కోసమే. తల దువ్వేది, బడికి పంపేది దుర్గ. ఇన్నాళ్లూ అది సాయమనుకుంది. ఇప్పుడు పిల్లని లాగేసుకున్నట్టు అనిపించింది. దుర్గ పాప కళ్లు తుడుస్తుంటే చూడలేక లోపలికెళ్లి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది.

రెండ్రోజులకు కట్టు మార్చాలి. ఎలా మార్చాలో డాక్టరు దుర్గకే చెప్పాడు. నూకాలు అడగలేదు. దుర్గ బజారుకెళ్లడం చూసి తనే విప్పసాగింది. లోపలి గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంది. లాగింది. పాప కెవ్వుమంది. మళ్లీ నెత్తురొచ్చింది.

అప్పుడే తిరిగొచ్చిన దుర్గ పరుగున వచ్చి వేలు అదిమిపట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది నూకాలుకు.

"నీ మీద కుళ్లుతో సేసినానే" అంది చివరికి, తల దించుకుని. "నా పిల్ల నిన్నే అడుగుతంది. నాను ఓర్సుకోలేకపోతన్నాను."

దుర్గ వేలు అదిమే ఉంచింది. నెత్తురు ఆగాక, కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చి నూకాలు ముందు పెట్టింది.

"సబ్బుతో సేతులు కడుక్కుని రా అక్కా. మిగిలిన గుడ్డ ఈ నీళ్లతో తడిపితే అదే ఊడొస్తాది. గోరు మాత్రం పీకకు. కింద పచ్చిగా ఉంది, దానికి అదే కాపలా."

నూకాలు అలాగే చేసింది. వ్యాజిలిన్ రాసి, అంటుకోని కొత్త గుడ్డ పెట్టి చుట్టింది. పాప ఏడవలేదు కానీ, అంతసేపూ పిన్ని మొహమే చూసింది. నూకాలు అది చూసి కూడా కట్టు చివర జాగ్రత్తగా ముడేసింది.

మూడోవారంలో పాత గోరు రాలింది. కొత్తది నిండుగా రావడానికి నెలలు పట్టింది. కట్టు అవసరమున్నన్నాళ్లూ నూకాలే మార్చింది. దుర్గ పక్కన కూర్చుని పాపకు కబుర్లు చెప్పేది. ఆ కబుర్లకు పాప నవ్వితే నూకాలుకు కడుపులో మంటగానే ఉండేది. అయినా దుర్గ రావడం ఆలస్యమైతే, తనే గుమ్మంలోకెళ్లి పిలిచేది.