పప్పుగుత్తి పిడి

చనిపోయిన భార్య వకుళ వాడిన పప్పుగుత్తి పిడి పుచ్చి పొడి రాలుతుంటే, రఘునాథ్ దాన్ని తిరుపతిలో వస్తువులను త్రీడీలో ముద్రించే మేకర్ ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. అచ్చం అలాంటిదే ప్లాస్టిక్‌తో చేయమన్నాడు.

"పప్పుగుత్తికి కంప్యూటరా అన్నా!" అని నవ్వుతూనే, ల్యాబ్‌లో పనిచేసే మోక్షిత పిడిని స్కాన్ చేసింది. సాయంత్రానికి కొత్తది చేతిలో పెట్టింది. "సూడన్నా, అరిగిపోయిన గుంత కూడా పూడ్చేసినాను."

రఘునాథ్ ఆ నునుపును తడిమాడు. ఇరవయ్యేళ్లు వకుళ బొటనవేలు ఆనిన చోటు అది. ఇంట్లో ఆమె ఆకారం మిగిలింది అక్కడొక్కచోటే.

"ఆ గుంత కోసమే వచ్చినానమ్మా."

మోక్షిత మొదటి స్కాన్‌ను దిద్దకుండా మళ్లీ ముద్రించింది. ఈసారి గుంత వచ్చింది. రఘునాథ్ అందులో బొటనవేలు ఆనించాడు. పట్టలేదు, అది అతని వేలికి చిన్నది. అయినా చాలాసేపు తీయలేదు.