తవుడుకు కొన్న పిల్ల

ఆ పొద్దున ఆకాశం ఇళ్ళ కప్పుల మీదికి దిగి కూర్చుంది. వానా లేదు, ఎండా లేదు. జర్మనీలో ఈ జిండెల్ఫింగెన్ ఊళ్ళో నవంబరు ఇట్లాగే ఉంటుందని మా కొడుకు విక్రాంత్ చెప్పాడు. కార్ల కంపెనీలో వాడి పని కరోనా వచ్చినప్పటి నుంచి ఇంట్లోంచే. ఆ పూట సామాన్ల కోసం బయటికి పోయాడు. కోడలు అనూహ్య నిద్రపోతోంది. నా భార్య జయలక్ష్మి ఆ సందు కోసమే కాచుకొని ఉంది.

"లేవయ్యా. పిల్లను పట్టు," అంది.

పిల్లకు, మా మనవరాలికి, ఇంకా బొడ్డు ఊడలేదు. దానికి ముందు పుట్టినవాళ్ళు ఇద్దరూ పోయారు. మా వైపు అట్లా బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టినదాన్ని చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. వెనక్కి చూడకుండా రావాలి. వేరే ఇంటి మనిషి ఎత్తుకుంటుంది. ఆమెకు తవుడిచ్చి బిడ్డను కొనుక్కోవాలి. ఇక అది మన కడుపున పుట్టింది కాదు, కొన్నది. చావు దాని జోలికి రాదని నమ్మకం. నా పేరు పెంటయ్య. నన్నూ అట్లాగే కొన్నారు.

కోడలికి చెబుదామన్నాను.

"చెప్తే ఒప్పుకుంటదా? నువ్వు బతకలేదా?" అంది జయలక్ష్మి. చేటను ఊరి నుంచే పెట్టెలో పెట్టుకొచ్చింది. ఎత్తుకోవడానికి పక్క బిల్డింగు భానుమతితో మాట అనుకుంది. ఆమె మా ఖమ్మం మనిషే.

పెరట్లో కూరగాయల చెత్త వేసే డబ్బా ఉంది. దాని పక్కన రాలిన ఆకుల కుప్ప. చేటను దాని మీద పెట్టాం. పిల్లకు ఉన్ని టోపీ, చుట్టూ రెండు దుప్పట్లు. చిన్న ముక్కు మాత్రం బయటికి కనబడుతోంది. మెట్ల తలుపు లోపలికి వచ్చి వీపు తిప్పి నిలబడ్డాం. పిల్ల దొరికిందని భానుమతి కేక వేయాలి.

కేక రాలేదు. పిల్ల ఒకసారి ఏడ్చి ఆగింది.

"రాలేదేందే?"

"వస్తది. తిరుగకు."

చలి తలుపు సందులోంచి మడమలకు తగులుతోంది. పిల్ల మళ్ళీ ఏడ్చింది. ఇక ఆగలేక తిరిగి చూశాను.

కింది అంతస్తు సిస్టరమ్మ కుప్ప దగ్గర వంగి ఉంది. హన్నెలోరె ఆమె పేరు. చర్చి సేవలో నర్సుగా బతుకంతా గడిపిన ముసలామె అని విక్రాంత్ చెప్పాడు. పిల్లను ఎత్తి, కోటు లోపల గుండెకు పెట్టుకొని, పెరటి వైపున్న తన గాజు తలుపులోకి పోయి గడియ వేసుకుంది. చేట ఆకుల మీద బోర్లా పడింది.

జయలక్ష్మి పోయి గాజు బాదింది. "మా పిల్ల! మాదే!"

సిస్టరమ్మ చేతిలో ఫోను. మమ్మల్ని చూసింది. వేలితో కుప్పను చూపింది, మమ్మల్ని చూపింది. మేం పెట్టి పోవడం కిటికీలోంచి చూసే ఉంటుంది. "నైన్," అంది. కాదనడం. ఆ ఒక్క మాట నాకు తెలుసు. ఫోనులో ఎవరితోనో గబగబా మాట్లాడసాగింది. పోలీసులు వస్తే పిల్లను తీసుకుపోతారు. మా ఇద్దరికీ చెప్పుకునే భాష లేదు.

నేను పైకి పరుగెత్తాను. అనూహ్య అప్పటికే మెట్ల మీద ఉంది.

"మామయ్యా, పాప ఏది?"

కిందికి చూపించాను. ఉత్త కాళ్ళతో దిగింది.

"ఏం చేసిన్రు అత్తమ్మా?"

"బిడ్డ దక్కాలనే..."

"చెత్తల ఏస్తే దక్కుతదా?"

గాజు మీద రెండు చేతులూ ఆనించి జర్మన్‌లో ఏదో చెప్పింది. సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంతలో లోపల పిల్ల గుక్కపెట్టింది. అనూహ్య నైటీ ముందు భాగం తడిసింది. తడి మెల్లగా పెద్దదైంది. సిస్టరమ్మ ఆ తడినే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోనును బల్ల మీద పెట్టి తలుపు తీసింది. ఫోనులో ఎవరో ఇంకా పిలుస్తూనే ఉన్నారు.

అనూహ్య నేల మీదే కూర్చొని పాలిచ్చింది. జయలక్ష్మి కొంగు ముడి విప్పింది. అందులో గోధుమ తవుడు.

"తీసుకోమను. లేకుంటే పిల్ల ఆమెదే."

అనూహ్య అత్తను చాలాసేపు చూసింది. తర్వాత సంగతంతా సిస్టరమ్మకు చెప్పింది. సిస్టరమ్మ బదులుగా అన్నదాన్ని అనూహ్యే మాకు తర్వాత చెప్పింది.

"మా మతం పుట్టిన కొత్తలో, తెగుళ్ళ కాలంలో కూడా, మావాళ్ళు ఊరి బయట కుప్పల మీద వదిలేసిన పసిపిల్లల్ని తెచ్చి పెంచేవాళ్ళు. ఆ పని నాకూ పడిందనుకున్నాను. ఆ పిల్లల కోసం ఎవరూ వెనక్కి వచ్చేవాళ్ళు కాదు. మీరు వచ్చారు."

ఫోను ఎత్తి, పిల్ల తల్లి దగ్గరే ఉందని చెప్పింది. పసిపిల్లల్ని ఇంటికొచ్చి చూసే మంత్రసానిని రేపు తానే పిలుస్తానని, పిల్లను ఆమె చూడాల్సిందేనని అనూహ్యతో గట్టిగా అంది. అప్పుడు దోసిలి పట్టింది. జయలక్ష్మి తవుడు పోసింది.

పైన చార్జింగులో పెట్టిన మా ఫోనులో భానుమతి మెసేజ్ ఉంది. కరోనా టెస్టు పాజిటివ్, గుమ్మం దాటను, ఇంకెవరినైనా చూసుకోండి అని.

మధ్యాహ్నం అనూహ్య సిస్టరమ్మను భోజనానికి పిలిచింది. కరోనా భయానికి కిటికీలన్నీ తెరిచాం. సంచులతో వచ్చిన విక్రాంత్ అందరి మొహాలూ చూసి, సంచులు వంటింట్లో పెట్టి వచ్చి కూర్చున్నాడు. పప్పు, అన్నం, చారు. అనూహ్య పిల్లను భుజాన వేసుకొని ఒంటి చేత్తో వడ్డించింది. అందరికీ నెయ్యి వేసింది. అత్త దగ్గరికి వచ్చేసరికి నెయ్యి గిన్నెను కంచం పక్కన పెట్టి కూర్చుంది. జయలక్ష్మి దాన్ని ముట్టలేదు.

సిస్టరమ్మ చెంచాతో తిన్నది. మేం చేతులతో తిన్నాం.