ఒరిగిన బొరుసు

బజారులో నన్ను భూతద్దం అక్క అంటారు. ముద్దుగా పిలిచినా కోపంగా పిలిచినా అదే పేరు. పాత నాణేలు కొని అమ్మే చిన్న కొట్టు నాది. అసలు పని మాత్రం ఇతరులు తెచ్చిన నాణెం మంచిదో దొంగదో చూసి చెప్పడం. ఈ పనిలో నాకో జబ్బుంది. అద్దం కంటికి ఆనించానంటే నోరు ఆగదు, కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పేస్తాను. పని నేర్పిన మా మేనమామ అలాగే చెప్పించేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, కాని తొందరెక్కువ.

ఆ మధ్యాహ్నం తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. వెంట వచ్చిన ఇద్దరూ లోపలికి రాకుండా గుమ్మానికి చెరోపక్కన నిలబడ్డారు. ఆయన సంచిలోంచి వెండి నాణేలు ఏడు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఇవి దొంగవని నాకు తెలుసమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నేను గురువుగా చూసుకునే పెద్దాయనకి కానుకగా ఇచ్చాను. నలుగురిలో నా మొహాన విసిరికొట్టాడు. వీటిని చేసిందెవరో చెప్పండి, చాలు."

"అమ్మినవాణ్ణే అడగకపోయారా?"

"అడిగాను. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడకి కట్టు కట్టారు పాపం, మాట్లాడలేడు."

బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడా మాట. అప్పుడే ఏదో వంక చెప్పి పంపించేయాల్సింది. కాని అద్దం అప్పటికే నా చేతిలో ఉంది.

బొరుసు వైపు నుంచి మొదలుపెట్టాను.

"ఈ అచ్చు తెలిసిందేనండీ. టంకశాలలో వాడి వాడి అరగదీశారు. అక్షరాలు చూడండి, వాడేసిన సబ్బు మీద పేరులా ఉన్నాయి. ఇదిగో, ఈ ఉబ్బెత్తు గీత అచ్చుకి పడిన పగులు. కొట్టే కొద్దీ పగులు పెరగాలి, ఒక నాణెం మీద పొట్టిగా, ఇంకోదాని మీద పొడుగ్గా ఉండాలి. ఇక్కడ అన్నిటికీ ఒకటే కొలత! ఇంకోటి. అచ్చు వదులై తిరిగిపోయింది. అందుకే బొమ్మని నిటారుగా పట్టుకుని తిప్పితే బొరుసు పక్కకి ఒరిగి కనిపిస్తుంది. వదులైన అచ్చు ఒకచోట కుదురుగా ఉంటుందా? ఆ ఒరుగు మారుతూ ఉండాలి. వీటిల్లో అదీ మారలేదు. ఎవరో ఒక అసలు నాణేన్ని పెట్టుకుని, దాన్నుంచి అచ్చు తీసి కొట్టారండీ. అన్నీ ఒక తల్లి పిల్లలే. ఆ తల్లి ఎవరి దగ్గరుందో తెలిస్తే దొంగ దొరికినట్టే."

అలా అని బొమ్మ వైపు తిప్పాను.

రాజుగారి చెవి కింద చిన్న నొక్కు ఉంది. పక్కదానికీ ఉంది. ఆ పక్కదానికీ ఉంది.

అది టంకశాలలో పడింది కాదు. మా నాన్న ఇనప్పెట్టె మూత కింద పడి నలిగిన నొక్కు అది. లోకంలో ఆ నొక్కున్న నాణెం ఒక్కటే ఉండాలి. అది నా కొట్టులోనే, అద్దాల అలమరలో, తెల్లచొక్కా ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. దాన్ని ఇంతవరకూ ఒక్కడికే ఇచ్చాను. "షీల్డు మీద ఇలాంటి బొమ్మే చెక్కాలక్కా, రెండు రోజులు ఉంచుకుంటా" అని మా తమ్ముడు పట్టుకెళ్ళాడు. వెనక వీధిలో వాడికి స్టాంపులు, షీల్డులు చెక్కే కొట్టుంది. అమ్మ పోయినప్పుడు వాడింకా పాకుతున్నాడు. చంకనేసుకుని పెంచాను వాణ్ణి. అలాంటిది, నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

"ఆగిపోయారేం?" అన్నాడాయన.

"కళ్ళు లాగుతున్నాయండీ."

"ఆ తల్లిని గుర్తుపట్టేదెలా?"

"గుర్తులేం ఉండవు."

ఆయన నా చేతిలోంచి అద్దం తీసుకుని నాణేల మీదికి వంగాడు. నొక్కు కనిపించడానికి నా అంత అనుభవం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. దేవుడా, ఎవరైనా వచ్చి ఈయన్ని కాస్త కదిలిస్తే బాగుండునని మొక్కుకున్నాను.

తలుపు తోసుకుని మా తమ్ముడే వచ్చాడు.

"అక్కా, బండి తాళం ఇవ్వవే. తలుపు దగ్గర ఎవరే వీళ్ళు, పెళ్ళికి కాపలా ఉన్నట్టు..." అంటూనే బల్ల వైపు చూశాడు. నవ్వు అలాగే మొహాన అతుక్కుపోయింది.

"ఎవరమ్మా?" అన్నాడు ఆయన తలెత్తి.

"మా తమ్ముడండీ. రబ్బరు స్టాంపులు చేస్తాడు." షీల్డుల మాట ఎత్తకుండా రబ్బరుతో ఆపేశాను.

"వీటి సంగతి ఏమైనా తెలుసా బాబూ?"

"నాకేం తెలుసండీ? అన్నీ అక్కకే తెలుసు."

"చూడు, చూస్తే తప్పేముంది" అని ఒక నాణెం వాడి అరచేతిలో పెట్టాడు.

వాడు దాన్ని అంచుల్తో పట్టుకున్నాడు. రాజుగారి బొమ్మ చూశాడు. తర్వాత తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ బొటనవేలితో ఒక చిన్న మెలి పెట్టాడు. బొరుసు నిటారుగా నిలబడింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మొదటిసారి పట్టుకున్నవాడెవడైనా బొరుసు ఒరిగి ఉండటం చూసి, అప్పుడు సరిచేసుకుంటాడు. తల్లి నాణెం ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉన్నా నేనూ అంతే. వీడి చేతికి చూడకుండానే ఆ ఒరుగు ఎంతో తెలుసు. కొట్టిన ప్రతిదాన్నీ తిప్పి తిప్పి చూసుకున్న చెయ్యి అది.

ఆ మెలిని తెల్లచొక్కా ఆయన చూడలేదు. ఆయన చూస్తున్నది నన్ను.

"మీ మొహంలో నెత్తురు చుక్క లేదేంటమ్మా?" అని, నా చూపు ఎటుందో అటు, వాడి చేతుల వైపు తల తిప్పబోయాడు.

"నేనే" అన్నాను.

ఆ తల నా వైపే ఆగింది.

"నేనే చేశానండీ. తల్లి మీ మోచేతి దగ్గరే ఉంది. చెవి కింద నొక్కు చూసుకోండి."

ఆయన అలమర తెరిచి, తొందరపడకుండా చూసుకున్నాడు. ఆ కాసేపూ తమ్ముడు ఎక్కడ నోరు విప్పుతాడో అని హడలిపోయాను. 'అక్క కాదండీ, నేను' అంటాడేమో, వద్దురా, వద్దురా నాన్నా అని కళ్ళతోనే బతిమాలాను. వాడు నేలచూపులు చూస్తున్నాడు. నొక్కు మీద అద్దం ఆగింది. ఆయన తల ఊపాడు. వాడింకా ఏమీ అనలేదు. అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. నేను బతిమాలకపోయినా వీడు నోరు విప్పేవాడు కాదేమో. దవడకి కట్టు కట్టించుకున్న మనిషి కంటే కూడా ఆ ఆలోచనకే నేను ఎక్కువ వణికాను.

"పదండమ్మా" అన్నాడు తెల్లచొక్కా ఆయన, నా అద్దాన్ని తన జేబులో వేసుకుంటూ. "బండిలో మాట్లాడుకుందాం."

లేచాను. తమ్ముడు చేతిలోని నాణేన్ని మిగతావాటి పక్కన, వరస తప్పకుండా పెట్టాడు. తర్వాత మాకంటే ముందు నడిచి, మేం బయటికి వెళ్ళడానికి వీలుగా తలుపు తెరిచి పట్టుకున్నాడు.