మంటలు లేని బజారు

న్యూస్ చానల్లో ఎడిటరమ్మ చేసిన పొరపాటు చిన్నదే. బజారులో జెండాలు కట్టేచోట రెండు పార్టీల వాళ్లు తోసుకున్నారని వార్త వచ్చింది, వీడియో రాలేదు. తెర ఖాళీగా కనిపిస్తే ఇన్‌చార్జికి గుండె ఆగినంత పనవుతుంది. అందుకని ఎప్పటివో వేరే ఊరి అల్లర్ల మంటల దృశ్యాలు వెతికి వేసింది. మూలన "పాత దృశ్యాలు" అని పెట్టడం మరిచిపోయింది. నిప్పు లేనిదే పొగ రాదన్నవాళ్లు చానళ్లను చూసి ఉండరు.

కాసేపటికి బాబాయి ఫోన్ చేశాడు. ఆయన గడియారాలు బాగుచేసే కొట్టు ఆ బజారులోనే ఉంది.

"అమ్మాయ్, మా బజారు తగలబడిపోతోందట కదా! ఇక్కడే కూర్చున్నా, నాకే తెలీలేదు."

ఆమె నవ్వబోయింది.

"నవ్వకు. టీవీ చూసి రెండు పార్టీల వాళ్లూ కర్రలు పట్టుకుని బయల్దేరారట."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. "కొట్టు మూసి వచ్చెయ్ బాబాయ్!"

"ఎటు రాను? రెండు వైపుల నుంచీ వాళ్లేగా!"

ఆమె ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తింది. చూసేవాళ్లు పెరుగుతున్నారని ఆయన మహా సంబరంగా ఉన్నాడు.

"ఇప్పుడు తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టేగా?"

"చేశాక ఒప్పుకోవాలి కదండీ."

ఆయన జవాబు కోసం ఆగకుండా పాత వీడియో తీసేసింది. బాబాయికి వీడియో కాల్ చేసి, దాన్ని నేరుగా ప్రసారంలోకి ఇచ్చి, కింద రాసింది: "ఇందాకటి మంటలు పాతవి, వేరే ఊరివి. తప్పు మాది."

"మాదని రాసేస్తావా?"

"మీదని రాయమంటారా?"



తెర మీద బాబాయి, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే, బజారంతా చూపించాడు. దించిన షట్టర్లు, సగం కట్టిన జెండాలు. అంతలో మలుపులో కర్రల గుంపు కనిపించింది.

బాబాయి ఫోను వాళ్ల వైపు తిప్పాడు. "రండి నాయనా, టీవీలో ఉన్నారు. ఇంట్లో అమ్మలు చూస్తుంటారు, కాస్త నవ్వండి."

ముందున్నవాడు ఆగిపోయాడు. వాడి జేబులో ఫోన్ మోగింది.

"లేదమ్మా... కర్రా? ఏ కర్ర?... ఆఁ, మంటల్లేవు. వచ్చేస్తున్నా."

వాడు నెమ్మదిగా కొట్టు దగ్గరికొచ్చాడు. "పెద్దాయనా, ఇది కాస్త లోపల పెట్టుకుంటారా? దీంతో ఇంటికెళ్తే అమ్మ ఊరుకోదు."

"మూలన పెట్టు. గడియారాలకు తగలనీయకు."

వాడి వెనకే ఇంకొకడు పెట్టాడు. అవతలి వైపు నుంచి వచ్చినవాళ్లూ వరసలో నిలబడ్డారు. ఎడిటరమ్మ కళ్లు తుడుచుకుంటూ చూస్తుండగానే ఆ మూల నిండిపోయింది. వాటిలో ఏ పార్టీ కర్ర ఏదో బాబాయికే తెలియలేదు.