కెప్టెన్ గార్బట్ ముఖం

మా అన్నయ్య ఒబదయా స్టేథర్ ఓడల బొమ్మలూ వేసేవాడు, మనుషుల ముఖాలూ వేసేవాడు. ఇంగ్లండులోని మా హల్ రేవులో ఓడల బొమ్మలు వేసేవాళ్లకు కొదవ లేదు. ఎదుట కూర్చున్న మనిషి కళ్లలోని అలసటను కూడా పట్టుకోగలిగింది మాత్రం అన్నయ్య ఒక్కడే. వయసులో ఉండగా లండన్ వెళ్లి నేర్చుకున్నాడు. అక్కడి ప్రదర్శనలో అన్నయ్య వేసిన సముద్రం పటాన్ని తలుపు పైన, కప్పుకు ఆనించి తగిలించారు. ఎవరూ తలెత్తి చూడలేదు. తిరిగొచ్చి, తమ ఓడల బొమ్మలు వేయించుకునే కెప్టెన్ల పాలబడ్డాడు.

"సముద్రం నీ ఇష్టమొచ్చినట్టు వేసుకోవయ్యా. తాడు ఒక్కటి తప్పిందో, దాంతోనే నిన్ను కట్టేస్తా" అనేవాళ్లు.

లావీనియా అనే ఓడను అలాగే వేశాడు. తిమింగలాల వేటకెళ్లిన ఆ ఓడ మంచు సముద్రాల నుంచి ఇక రాలేదు. మరుసటి వసంతంలో దాని కెప్టెన్ గార్బట్ భార్య కెజియా మా ఇంటికొచ్చింది.

"ఓడ బొమ్మ మా గోడ మీద ఉంది మేష్టారూ. డెక్కు మీద మా ఆయన్ని గోరంత వేశారు. నాకు ముఖం కావాలి."

"నేనాయన్ని సరిగ్గా చూడనైనా లేదమ్మా. వచ్చిందీ, తొందరపెట్టిందీ, వెళ్లిందీ అంతే."

"నేను చూశాగా. నేను చెప్తా, మీరు వెయ్యండి."

ఆ వేసవంతా ఆమె కిటికీ పక్కన కూర్చుని చెబుతూనే ఉంది. ముక్కు కొంచెం వంకర, నవ్వితే ఎడమ చెంప ముందు కదిలేది, కనుబొమల మధ్య చిన్న మచ్చ. అన్నయ్య వేసేవాడు, తుడిచేవాడు, మళ్లీ వేసేవాడు. నేను టీ ఇచ్చేదాన్ని, అది చల్లారిపోయేది. చివరికొక మధ్యాహ్నం ఆమె లేచి నిలబడి, "ఇదిగో... వచ్చేశాడు" అని నేల మీద కూలబడి ఏడ్చింది. అన్నయ్య ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు.

ఏడాది తిరగ్గానే ఆమె ఆ పటాన్ని శాలువాలో చుట్టి వెనక్కి తెచ్చింది. వెంట ఆమె మరిది ఈనక్ ఉన్నాడు. ఎన్నో ఏళ్లు దూరదేశాల ఓడల్లో తిరిగి అప్పుడే దిగాడు.

"ఇంటికెళ్లగానే ఎవరీయన అనడిగాను," అన్నాడతను ఇబ్బందిగా. "మా అన్న అంది వదిన. కాదండీ. మా అన్న ఇలా ఉండడు."

"మరెలా ఉంటాడో చెప్పు బాబూ, దిద్దుతాను."

ఈనక్ నోరు తెరిచాడు. మళ్లీ పటం వంక చూశాడు. "ఇంతసేపూ మా అన్న కళ్ల ముందే ఉన్నాడండీ. దీన్ని చూస్తుంటే ఆ ముఖం గుర్తుకు రావట్లేదు."

అప్పుడు కెజియా మాట్లాడింది. కోపం లేదు, అదే భయంగా అనిపించింది నాకు.

"కళ్లు మూసుకుంటే ఈయనే వస్తున్నాడు మేష్టారూ. నా మొగుడు రావట్లేదు. సముద్రం ఒకసారి ముంచింది. మిగిలిన కాస్తా మనిద్దరం కలిసి ముంచేశాం."

ఆమె వెళ్లాక అన్నయ్య కత్తి తీసుకుని ఆ ముఖాన్ని గీకేశాడు. నేనాపలేదు.

ఆ తరువాత ఏ ముఖమూ పూర్తి చెయ్యలేదు. ఎదురుగా మనిషి కూర్చుంటే చెయ్యి ఆగిపోయేది. "ఇది వీడేనంటావా?" అని నన్ను అడిగేవాడు. ఈలోగా ఫోటోలు తీసేవాడు వీధి చివర దుకాణం పెట్టాడు. ముఖాలు వేయించుకునే వర్తకులంతా అటే పోయారు. అన్నయ్య మనుషుల్లేని ఓడలు వేశాడు. ఖాళీ డెక్కులు చూసి కెప్టెన్లు హడలిపోయారు.

"నా ఓడ మీద నా వాళ్లేరయ్యా? మా చావు కోరుతున్నావా?" అని ఒకాయన గుమ్మంలోంచే తిట్టి వెళ్లాడు.

ఆఖరి ఏళ్లలో రేవులో ఓడల వెనక భాగాన పేర్లు రాస్తూ బతికాడు. తేమ ఛాతీలో చేరింది. ఒక ఫిబ్రవరిలో దగ్గుతూనే పోయాడు. పోయేముందు ఆశ గురించి గానీ దేవుడి గురించి గానీ ఏమీ అనలేదు. కిటికీ మూయమన్నాడు.

తను వేసిన సముద్రాలను తెరచాపలు కుట్టేవాడికిచ్చేశాను, గుడ్డ మంచిదని తీసుకున్నాడు. ఊరి పత్రికలో 'ఓడలకు పేర్లు రాసే స్టేథర్ మరణం' అని వేశారు. చిత్రకారుడని రాయమని వెళ్లి అడిగాను. బల్ల వెనక గుమాస్తా తలెత్తకుండానే, "ఏం వేశాడమ్మా?" అన్నాడు.

చూపించడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.