కార్నర్‌కు తొలి పిలుపు

లింబాద్రి వేసుకున్న లెక్క చిన్నది. బస్తీల కబడ్డీ టీంలు ఏటా వంతులేసుకుని ఆటగాళ్లను పిలుచుకునేటప్పుడు, మూలన నిలబడి కాళ్లు పట్టే కార్నర్‌ను ఎవడూ ముందుగా పిలవడు. ముందు కూతకు పోయే రైడర్లను పిలుస్తారు, తర్వాత మళ్లీ రైడర్లనే పిలుస్తారు, చాయ్ చల్లారి అందరూ ఆవులించడం మొదలుపెట్టాక కార్నర్లు గుర్తొస్తారు. వాళ్లలో కొందరు మిగిలిపోతారు. మిగిలినవాడు ఇంటికి పోయి "ఈ ఏడు మనకు పిలుపు రాలే" అంటాడు. ఆ మాటలో కాస్త సిగ్గుంది గాని, అబద్ధం లేదు. "నేను ఆడను" అని చెప్పే ధైర్యం లేని లింబాద్రి, "నన్ను పిలవలేదు" అనిపించుకుని మెల్లగా జారుకుందామనుకున్నాడు. ఎంత తెలివో చూడండి!

ఆడకపోవడానికి కారణం అతని ఎడమ భుజం. పోయిన ఏడాది ఆఖరి ఆటలో ఒకడి మడమ పట్టి లాగినప్పుడు కీలు జారింది. నలుగురూ గెలుపోటముల గోలలో ఉండగా గోడకు ఆనుకుని, పళ్లు బిగబట్టి, తనే సర్దుకున్నాడు. దవాఖానాలో డాక్టర్ ఖరాకండిగా చెప్పాడు, మళ్లీ జారిందంటే ఆపరేషనేనని. ఆపరేషనంటే నెలల తరబడి చెయ్యి కట్టుకుని కూర్చోవాలి. లింబాద్రి మల్లాపూర్‌లో డబ్బాల మూతలు కొట్టే ప్రెస్సు మీద పనిచేస్తాడు. రెండు మీటలు రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ఆ మెషిన్ కిందికి దిగుతుంది. ఒంటిచేతి వాడికి అక్కడ ఏం పని? ఇంట్లో చూస్తే భార్య గౌతమికి నెలలు నిండుతున్నాయి. అందుకే భుజం సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

పోనీ టీం పెద్ద ఐలన్న చెవిన వేద్దామా అంటే, ప్రెస్సు ఫోర్‌మన్ కూడా ఆయనే. ఆదివారం నాడు ఐలన్నకు చెప్పిన మాట సోమవారం ఫోర్‌మన్‌కు తెలియకుండా ఉంటుందా?

ఆ ఆదివారం నాచారం ఇరానీ హోటల్లో, ఏ టీం ముందు పిలవాలో తేల్చడానికి చీటీలు తీశారు. ఏళ్ల తరబడి అడుగునే పడి ఉన్న నాచారం టీంకు మొట్టమొదటి పిలుపు వచ్చింది. ఇక చూస్కోండి సంబరం! ఉప్పల్ నరేందర్‌ను పిలుస్తారని అందరికీ తెలుసు. కూతకు పోతే ఖాళీ చేతులతో తిరిగిరాని రైడర్ వాడు. ఐలన్న పసుపుపచ్చ తువాల భుజాన వేసుకుని లేచాడు. నరేందర్ జుట్టు సవరించుకున్నాడు. ఐలన్న నరేందర్‌ను దాటాడు. కిటికీ పక్కన బిస్కెట్ ముంచుకుంటున్న లింబాద్రి దగ్గర ఆగి, ఆ తువాలను అతని మెడలో వేశాడు.

బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది.

"ఏమిటయ్యా ఇది?" రామచంద్రరావుగారు కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. భీమవరం నుంచి వచ్చి ఉప్పల్‌లో శానిటరీ సామాను షాపు పెట్టిన మనిషి, టీంకు జెర్సీలు ఆయనే కుట్టిస్తారు. "చేతికందిన నరేందర్‌ను వదిలేసి కార్నర్‌ను పిలుస్తావా? నీకు మతి ఉందా, ఐలయ్యా?"

"ఉన్నది సార్. పోయినేడు మనోళ్లు పాయింట్లు తేలేదా? మస్తు తెచ్చిన్రు. మరెందుకు ఓడినం? తెచ్చినయన్నీ ఎనుక నుంచి కారిపాయె. చిల్లు కుండల నీళ్లు వోస్తే నిలుస్తయా?"

"చిల్లు పూడ్చేవాళ్లు ఆఖర్లో బోలెడుమంది దొరుకుతారు. నరేందర్ దొరుకుతాడా?"

"గట్ల ఆఖరుకు తెచ్చుకున్నోళ్లతోనే గదా సార్, ఇన్నేండ్లు ఆఖర్ల ఉన్నది!"

రెండో పిలుపు అన్నోజిగూడ వాళ్లది. నరేందర్ తమ ఒళ్లో పడబోతున్నాడని వాళ్లకు లోపల లడ్డూలు పేలుతున్నాయి. "మంచి పని జేసినవ్ ఐలన్నా! కార్నరే టీంకు పానం!" అని బల్లలు చరిచారు. దొంగ మొహాలు.

లింబాద్రికి ఒక్కటే ఆశ మిగిలింది. తువాల మెడలో పడ్డంత మాత్రాన పిలుపు ఖాయం కాదు. పోచమ్మ గుడి ముందు ఆ తువాలను రెండు చేతులా నెత్తి మీదికెత్తి బస్తీ పేరు కేకేస్తేనే ఖాయం. ఆలోపు పెద్దలు మనసు మార్చుకోవచ్చు. రామచంద్రరావుగారు గెలవాలని అతను పోచమ్మకు మొక్కుకున్నాడు. తనను దండగ మనిషి అంటున్నవాడి మీద అంత ప్రేమ పుట్టడం అతనికి అదే మొదటిసారి.

చర్చ ముదిరింది. లింబాద్రి నడుము లావుందా, పట్టు గట్టిదా, ఈ మధ్య మెత్తబడ్డాడా అని, సంతలో ఎద్దును చూసినట్టు చూస్తూ మాట్లాడుకుంటున్నారు. అతను అక్కడే ఉన్నాడన్న ధ్యాస ఒక్కరికీ లేదు. లింబాద్రికి ఒళ్లు మండింది. అయినా ఇదే అదననుకుని లేచి నిలబడ్డాడు.

"సార్ చెప్పేదే కరెక్టు, ఐలన్నా. నాకన్న నరేందరే నయం. జర ఆలోచించు."

రామచంద్రరావుగారి కళ్లు చెమర్చాయి.

"విన్నారా? తొలి పిలుపు వచ్చినవాడు ఎదుటివాణ్ని పొగుడుతున్నాడు! ఇలాంటి బుద్ధిమంతుణ్ని నా జన్మలో చూళ్లేదు. ఐలయ్యా, తప్పు నాదే. ఈ అబ్బాయినే ఖాయం చెయ్యి."

ఓరి దేవుడా! ఉన్న ఒక్క దిక్కూ పోయింది.

లింబాద్రి మళ్లీ ప్రయత్నించాడు. "గట్ల గాదు సార్... ఇంట్ల గౌతమికి నెలలు నిండుతున్నయి. ప్రాక్టీసుకు నాకు తీరదు..."

"గా ముచ్చట ఇంతసేపు చెప్పవేందిరా!" హోటల్ గొల్లుమంది. "బిడ్డ పుట్టేయాల్లకు కప్పు ఇంట్ల ఉంటది!" ఎవరో మిఠాయికి పురమాయించారు. అతను విప్పుకుందామన్న ప్రతి ముడీ ఇంకాస్త బిగుసుకుంటోంది. కుడితిలో పడ్డ ఎలుకైపోయాడు పాపం.

ఐలన్న బల్ల మీద చెయ్యేసి గట్టిగా అన్నాడు. "ఇగో, అందరినీ సాచ్చెం బెట్టి చెప్తున్న. ఈ పోరడు నా మాట పోగొడితే మల్ల నేను మైదానం మొకం జూడ."

అయిపోయింది. ఇప్పుడు కాదంటే ఐలన్న తల కొట్టేసినట్టే. ఔనంటే తన చెయ్యి పోయినట్టే. అడకత్తెరలో పోకచెక్కకైనా ఇంత ఇరుకు ఉండదేమో.

డప్పుతో బయల్దేరారు. గల్లీ గల్లీ నుంచి పిల్లలు వచ్చి కలిశారు. లింబాద్రి ముందూ వెనకా జనమే, పక్కకు తప్పుకోవడానికి జానెడు సందు లేదు. వాళ్ల ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు గౌతమి మెట్ల మీద నిలబడి ఉంది. భర్త మెడలో పచ్చ తువాల చూసింది. ఆమె చెయ్యి దానంతటదే తన ఎడమ భుజం మీదికి పోయింది. లింబాద్రి తల దించుకున్నాడు. చెప్పు, ఇప్పుడైనా నోరు తెరిచి చెప్పు అని లోపల తనను తాను తిట్టుకున్నాడు. నాలుక కదిలితేగా?

గుడి ముందు డప్పు ఆగింది. లింబాద్రి తువాల తీసి కుడిచేత్తో ఒక కొస పట్టుకుని పైకెత్తాడు. ఎడమ చెయ్యి ఛాతీ దాకా వచ్చి అక్కడే ఆగింది.

"రెండు చేతులు! రెండు చేతులు!" అని పిల్లలు అరిచారు.

"నవ్వు. నాచారం అను," అన్నాడు ఐలన్న. "ఏందిరా, కొత్త పెండ్లికొడుకు లెక్క గా సిగ్గేంది?" అంటూ నవ్వి, లింబాద్రి ఎడమ మణికట్టు పట్టుకుని అమాంతం పైకి ఎత్తాడు.

లోపల టక్కుమంది.

లింబాద్రి పెట్టిన కేకలో నాచారం పేరు లేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. నుదుట చెమటలు పట్టాయి, కళ్లు బైర్లు కమ్మాయి. అయినా ఆ నొప్పి మధ్యన, ఏడాదిగా గొంతులో అడ్డంపడి ఉన్నదేదో బయటికొచ్చినట్టయింది. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఛీ, ఇందులోనూ సుఖమేనా అని అతనికే ఏడుపొచ్చింది.

ఐలన్న కంగారుపడి కింద కూర్చున్నాడు. భుజం ఉన్న తీరు చూసి ఆయన మొహం పాలిపోయింది. ఎవరో ఆటో కోసం పరిగెత్తారు. కింద పడిన పచ్చ తువాలను తీసి దులిపి, వేలాడుతున్న చేతి కిందుగా పోనిచ్చి, లింబాద్రి మెడ వెనక ముడేశాడు ఆయన. ముడి సరిగా పడలేదు.

"ఎప్పటిసంది ఉన్నదిరా ఇది?"

"పోయినేటి సంది."

"నాతోని ఒక్క మాటన్న అనకపోతివి! ప్యాకింగ్‌ల కూసుండి జేసే మనిషి కోసం నేనే ఎతుకుతున్న గదరా. ఆడ ఏస్తుంటి గదా నిన్ను!"

లింబాద్రి ఆయన మొహంలోకి చూశాడు. ప్యాకింగ్. అంత సులువైన మాట కోసమా తను చేయి పోగొట్టుకున్నది? దుఃఖం పొంగింది, దాంతోపాటే కోపమూ.

"పొద్దటిసంది నా మీద గంత కొట్లాడిన్రు గదన్నా," అన్నాడు. "నువ్వు ఆడతవారా అని ఒక్కలన్న అడిగిన్రా?"

ఐలన్న తువాల ముడి విప్పి మళ్లీ కట్టాడు.

ఆటో వచ్చింది. ఇద్దరు పట్టుకుని లింబాద్రిని ఎక్కించారు. అప్పటికే వెనక గొంతులు లేచాయి. "బస్తీ పేరు పలకలేదు గదా, పిలుపు ఖాయం గానట్టే! నరేందర్‌ను పిలువుండ్రి!" "అదెట్ల? తువాల లేపిండు గదా, అయిపోయినట్టే!" అని అన్నోజిగూడ వాళ్లు ఎగబడ్డారు. "ఒక్క చేత్తో లేపితే లెక్కల్లోకి రాదండీ!" అంటున్నారు రామచంద్రరావుగారు.

ఒక కాలు ఆటోలో పెట్టిన ఐలన్న తల అటు తిరిగింది. కాసేపు అలాగే విన్నాడు. తర్వాత ఆటో ఎక్కి లింబాద్రి పక్కన కూర్చున్నాడు గాని, అతని మొహం చూడలేకపోయాడు.