యెర్కా చేతిలో చుక్కాని

పక్షవాతం వచ్చి ఫ్రానె కుడిచెయ్యి పడిపోయాక అతని పడవ గతేమిటో మూర్తెర్ దీవిలోని బెతీన రేవులో అందరూ తేల్చేసుకున్నారు, యెర్కా తప్ప. యెర్కా అతని భార్య.

పడవ పేరు గాలెబ్. ఒకటే కొయ్య, కొయ్యకి ఏటవాలుగా పొడుగాటి అడ్డకర్ర, ఆ కర్రకి మూడు మూలల తెరచాప. ఆ దీవి జనానికి ఇళ్ళు ఒక చోట, ఆలివ్ తోటలు ఇంకో చోట. మధ్యన సముద్రం. గాలి ఉన్నంతసేపు మగవాళ్ళు చుక్కాని పట్టుకుని దర్జాగా కూర్చునేవారు. గాలి పడిపోతే ఆడవాళ్ళు తెడ్లు అందుకునేవారు. యెర్కా పుట్టింటి పడవలోనూ తెడ్డే వేసింది, మొగుడి పడవలోనూ తెడ్డే వేసింది. చుక్కాని ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. ఇమ్మని ఆమె అడగనూ లేదు.

ఫ్రానె పినతండ్రి కొడుకు ల్యూబొకి రేవు మీదే భోజనశాల ఉంది. చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం ద్రాక్ష సారా సీసా పట్టుకుని వచ్చాడు.

"అన్నయ్యా, గాలెబ్‌ని నాకిచ్చెయ్. మా గుమ్మం ముందు నిలబెట్టి, నిండా మంచుగడ్డలు పోసి, పైన చేపలు పరుస్తాను. వచ్చిన ప్రతివాడూ ఫొటో తీసుకుంటాడు. నీ పేరు కూడా రాయిస్తా."

ఫ్రానె ఎడంచేత్తో గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "తీసుకుపో. కదలని పడవ కట్టెల కిందే లెక్క."

వంటింట్లో యెర్కా నల్లటి సిరా చిమ్మే కటిల్ చేపలు బాగుచేస్తోంది. సిరా అంటిన చేతులతో, చేతిలో కత్తితో అలాగే గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడికి తీసుకుపోయేది?"

"వదినా, కత్తి కింద పెట్టి మాట్లాడు," అన్నాడు ల్యూబొ నవ్వుతూ.

"నేను కత్తితోనే మాట్లాడతాను. ఆ పడవ ఎక్కడికీ పోదు. కోర్నాత్ దీవిలో మన తోటకి ఆలివ్ కాయ దింపడానికి పోతుంది, అంతే."

"ఎవరు నడుపుతారు?"

"నేను."

ల్యూబొ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఫ్రానె మాత్రం నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, "నన్ను మూటలాగా ముందు కూర్చోబెట్టి ఊరంతా తిప్పుదామనా? ఈ ఇంట్లో ఇంక ఆ పడవ ఊసెత్తొద్దు," అన్నాడు.

ఊసెత్తకుండానే మర్నాడు యెర్కా వెళ్ళి పడవని గట్టు మీదకి లాగించింది. అడుగుకి అంటుకున్న గవ్వలూ నాచూ గీకింది. పాత రంగు ఊడబెరికింది. పలకల సందుల్లో కుళ్ళిపోయిన దూది పీకి, కొత్త దూది పేని, ఉలితో కొట్టి లోపలికి దిగగొట్టడం మొదలుపెట్టింది. ఆ పని ఫ్రానె చేస్తుంటే ఎన్నోసార్లు చూసింది. చూడటం వేరు, చెయ్యడం వేరు అని మొదటి రోజే తెలిసింది. బొటనవేలు నల్లగా కమిలింది. రేవు బెంచీ మీద ముసలాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది.

"యెర్కా, పక్కదుప్పటి కుడుతున్నావా, పడవ చేస్తున్నావా?"

"నీ నోరు కుట్టడానికి దూది మిగులుతుందా అని చూస్తున్నా," అనేది తల ఎత్తకుండా.

వాళ్ళ మేడ వసారాలోంచి చూస్తే గట్టు కనిపిస్తుంది. ఫ్రానె రోజూ అక్కడే కూర్చునేవాడు, కానీ సముద్రం వైపు కాకుండా వీధి వైపు కుర్చీ తిప్పుకుని. యెర్కా అది గమనించింది. మే నెలలో ఒక పూట ఆమె దూదిని మరీ బిగించి కొడుతోంది. ఆ సుత్తి చప్పుడు ఎలా వినిపించిందో ఏమో, పైనుంచి ఒక్క కేక పడింది.

"ఏయ్! అంత గట్టిగా కొడితే పలక చీలుతుంది! నీళ్ళు తాగి ఉబ్బడానికి దానికి చోటుండొద్దూ?"

బెంచీ మీద ముసలాళ్ళు మేడ వైపు తలలెత్తారు. యెర్కా సుత్తి దెబ్బ తగ్గించింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆయన మళ్ళీ లోపలికి పోతాడని ఆమె భయం.

జూన్‌లో పడవ నీళ్ళలోకి దిగింది. మొదట్లో జల్లెడలా కారింది. యెర్కా బకెట్టుతో తోడిపోసింది. చెక్క ఉబ్బి సందులు బిగిశాక, ఎవరికీ చెప్పకుండా తెరచాప ఎత్తింది. పడమటి గాలి ఒక్క ఊపున పట్టుకుంది. చుక్కాని ఎటు తోస్తే పడవ ఎటు తిరుగుతుందో బుర్రకి తెలుసు, చేతికే ఇంకా తెలీదు. గాలెబ్ తిన్నగా వెళ్ళి రేవు గోడకి గుద్దుకుంది. అడ్డకర్ర ఎవరిదో బాల్కనీలో ఆరేసిన బట్టల తాడుకి చిక్కుకుంది. ల్యూబొ మోటారు బోటు వేసుకొచ్చి ఆమెని లాక్కెళ్ళాల్సి వచ్చింది. భోజనశాలలో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"వదినా, ఇంకా ఆలోచించుకో. మంచుగడ్డలు తయారుగా ఉన్నాయి," అన్నాడు ల్యూబొ.

యెర్కా ఇంటికెళ్ళి స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చింది. ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి ఫ్రానె గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, కర్ర మీద ఆనుకుని.

"చుక్కాని వైపు చూస్తూ కూర్చున్నావు. చూడాల్సింది తెరచాప అంచు వైపు. అది వణికితే గాలి పోతున్నట్టు."

"నువ్వెక్కణ్ణుంచి చూశావ్?"

"ఊరంతా చూసింది, నేను చూస్తే తప్పా?" కర్ర సర్దుకుని అన్నాడు. "రేపు నేనూ వస్తా. నేర్పడానికి కాదు. నువ్వు దాన్ని ముక్కలు చెయ్యకుండా చూడ్డానికి."

ఆ వేసవంతా వాళ్ళిద్దరూ రేవు ముందు అటూ ఇటూ తిరిగారు. తిట్లు మాత్రం ఊళ్ళోకి స్పష్టంగా వినిపించేవి. "వదులు, తాడు వదులు!" "నాకు రెండు చేతులే ఉన్నాయి!" "నాకు ఒకటే ఉంది, గొణిగానా?" ఆ మాట తనే అనేసి ఫ్రానె పకపకా నవ్వాడు. జబ్బు చేశాక అతను అలా నవ్వడం అదే మొదలు.

అక్టోబరు చివర్లో కోర్నాత్‌లో కాయ పండింది. చుట్టుపక్కల వాళ్ళు మోటారు బోట్లలో వెళ్తూ, తాడు వేసి లాక్కెళ్తామన్నారు. యెర్కా వద్దంది. మెల్లటి గాలిలో, ఎండలో, రొట్టే ఎండు అత్తిపళ్ళూ ఉప్పుచేపా కట్టుకుని వెళ్ళారు. కాయంతా ఆమె దింపింది. అతను ఒంటిచేత్తో ఆకులు ఏరాడు. బస్తాలు పడవలో సర్ది ఇంటికి బయల్దేరారు.

జూత్ దీవి చివర దాటి బయటి నీళ్ళలోకి రాగానే, దూరాన కొండ మీద తెల్లటి మబ్బు టోపీ పెట్టినట్టు కూర్చుని ఉంది. ఆకాశం మిగతా అంతా నిర్మలంగా ఉంది. ఆ టోపీ అంటే ఏమిటో ఆ దీవుల్లో అందరికీ తెలుసు: ఈశాన్యపు పెనుగాలి వస్తోందని. వాళ్ళు పోవలసింది ఈశాన్యానికే. నీళ్ళ మీద నల్లటి మరక ఒకటి పరుగెత్తుకొచ్చి పడవని పక్కకి వంచేసింది. ఒక బస్తా దొర్లి కాయలు పడవంతా చెల్లాచెదురయ్యాయి.

"తెరచాప సగం కట్టు!" అరిచాడు ఫ్రానె. "అటూ ఇటూ మలుపులు కొట్టుకుంటూ పోదాం. చీకటి పడేలోగా చేరతాం!"

యెర్కా మొన వైపు చూసింది. మొన ప్రతి అలలోనూ మునిగి లేస్తోంది. బస్తాల కింద నీళ్ళు చేరుతున్నాయి.

"వెనక్కి తిప్పుతున్నా. జూత్ చాటుకి పోదాం."

"పిచ్చా? రెండ్రోజులు రాకపోతే ల్యూబొ బోటు వేసుకుని వస్తాడు. మళ్ళీ వాడి చేత లాగించుకుంటూ పోవాలా? ఊరంతా మళ్ళీ చప్పట్లు కొట్టాలా?"

"కొట్టనీ."

"నేను చెప్తున్నా, తిప్పకు!"

"ఫ్రానె," అంది యెర్కా. గొంతు పెంచలేదు గానీ అంత గాలిలోనూ అతనికి వినిపించింది. "ఇప్పుడు చుక్కాని నా దగ్గరుంది. తల దించుకో, కర్ర వస్తోంది."

అతను తల దించుకున్నాడు. అడ్డకర్ర పైనుంచి విసురుగా వెళ్ళింది. గాలెబ్ ఒళ్ళంతా వణికి, తిరిగి, గాలి ముందు పరుగు తీసింది. దీవి చివర మలుపు తిరిగాక అలలు తగ్గాయి. కానీ దీవిలోకి చొచ్చుకుపోయిన, రేవులాంటి చిన్న మడుగులోకి పోవాలంటే మళ్ళీ గాలికి ఎదురే. కొండ మీదనుంచి గాలి ఉండుండి దబ్బున పడుతోంది. యెర్కా తెరచాప దించేసి తెడ్లు తీసింది.

"ఇలా వచ్చి చుక్కాని పట్టుకో."

ఫ్రానె కదల్లేదు. "ఎడంచేత్తోనా?"

"మరి తెడ్లు నువ్వు వేస్తావా?"

అతను బస్తాల మీదుగా పాకుతూ వెనక్కి వచ్చాడు. చుక్కాని కర్రని ఎడం చంకలో ఇరికించుకుని, ఒళ్ళంతా దాని మీద ఆన్చి కూర్చున్నాడు. యెర్కా కాళ్ళు తన్నిపెట్టి తెడ్డు వేసింది. గాలి తోస్తే పడవ ఆగేది. గాలి ఊపిరి తీసుకున్నప్పుడు కాస్త ముందుకి జరిగేది. అరచేతులు చిట్లాయి. "ఎడమకి, ఇంకొంచెం ఎడమకి," అని తోవ చూస్తూ అతను చెప్తూనే ఉన్నాడు. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు. చివరికి మొన ఇసకని తాకింది. ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు.

మడుగు ఒడ్డున ఎవరిదో గొర్రెలవాళ్ళ రాతి గుడిసె ఉంది. గాలి తగ్గేదాకా అందులోనే ఉన్నారు. ఫోన్లకి సిగ్నల్ అందలేదు. ఫ్రానె ఆమె అరచేతులకి కొత్త కాయ నలిపి నూనె రాశాడు, ఒంటిచేత్తో, మెల్లగా.

"నేనైతే ముందుకే పోయేవాణ్ణి," అన్నాడు.

"తెలుసు."

"పోయి ఉంటే మునిగేవాళ్ళం."

"అదీ తెలుసు. చెయ్యి గట్టిగా నొక్కకు, మండుతోంది."

రెండు రాత్రులు గడిచి గాలి తగ్గాక, తేటనీళ్ళ మీద మెల్లగా ఇంటికి వస్తుంటే ల్యూబొ బోటు ఎదురొచ్చింది. రెండు రాత్రుల నిద్ర లేక అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తాడు విసరబోయాడు గానీ, యెర్కా ముఖం చూసి మళ్ళీ చుట్టేశాడు. "బతికే ఉన్నారు, అంతే చాలు," అని పక్కనే, ఇంజను తగ్గించి, రేవు దాకా తోడొచ్చాడు. రేవులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బెంచీ మీది ముసలాళ్ళలో ఒకడు లేచొచ్చి తాడు అందుకుని రాతికి కట్టాడు. గాలెబ్ అక్కడే ఉండిపోయింది. దాన్నిమ్మని మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి వారం యెర్కా తెరచాప ఉతికి ఆరేస్తుంటే, పై వీధిలో ఉండే మాందె వచ్చి నిలబడింది. ఆమె మొగుడు పోయి చాలాకాలమైంది. అతని పడవ వాళ్ళ పెరట్లో టార్పాలిన్ పట్టా కింద పడి ఉంది.

"ఆ దూది ఎలా కొడతారో ఒకసారి చూపిస్తావా, యెర్కా? ఇంకా పనికొస్తుందో లేదో కూడా నాకు తెలీదు."

యెర్కా చేతులు తుడుచుకుంది. "పద చూద్దాం."

"ఆగండి," అని వసారాలోంచి ఫ్రానె కేకేశాడు. కర్ర కోసం తడుముకుంటూ లేచాడు. "నేను లేకుండా పట్టా తియ్యకండి. మీ ఇద్దరూ కలిసి ఆ పలకల్ని చీల్చిపారేస్తారు."

ముగ్గురూ మెట్ల వీధి ఎక్కారు, ఫ్రానె అడుగుకి తగ్గట్టు, నెమ్మదిగా.